చర్చి రిజిస్టరు నుంచి దేశపటం దాకా



ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో, ఆయన భూగోళం పాఠం ఎప్పుడూ పటంతోనే మొదలుపెట్టేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చెబుతారు. గోడకు పటం తగిలించి, దీన్ని ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఎవరు గీయించారు అని అడిగేవారట. ఆ ప్రశ్నలు నిజంగా అవసరమైన చోటికి ఈ సాయంత్రం మిమ్మల్ని తీసుకువెళ్తాను. అది ఉక్రెయిన్. అక్కడ నూటయాభై ఏళ్లుగా జాతి పటాలూ మత పటాలూ గీస్తున్నారు, వాటికోసం కొట్టుకుంటున్నారు.

2022 ఫిబ్రవరి ఆఖరులో, రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు, మన తెలుగు ఊళ్లలో చాలా ఇళ్లు నిద్రపోలేదు. విన్నిట్సియా, జపోరిజియా, ఇవానో-ఫ్రాంకివ్స్క్, కీవ్‌లలో వైద్యం చదువుతున్న మన పిల్లలు సరిహద్దుల వైపు నడిచారు. వాళ్లలో చాలామంది షెహినీ దగ్గర చలిలో నిలబడి, అటుపక్క పోలండ్‌లోని మెదికాలో అడుగుపెట్టారు. అక్కడికి దగ్గరలోనే ప్షెమిషల్ అనే పాత పట్నం ఉంది. ఉక్రెయిన్ భూగోళశాస్త్రానికి ఆద్యుడని చెప్పదగిన స్తెపాన్ రుద్నిత్స్కీ 1877లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఆయన పటాల్లో ప్షెమిషల్ ఉక్రెయిన్‌లో ఉంటుంది. పోలిష్ పండితుల పటాల్లో ప్షెమిషలే కాదు, దానికి తూర్పున ఉన్న ల్వీవ్ కూడా పోలండ్‌లో ఉంటుంది. మన పిల్లలు దాటిన ఆ గీత ఎక్కడ పడాలన్న తగాదా దాదాపు నూరేళ్లు నడిచింది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రాజ్యం లేని జాతికి పటం చాలా పెద్ద ఆసరా. మేమూ ఉన్నాం, ఇదిగో ఇక్కడ ఉన్నాం అని చూపించుకోవడానికి ఉక్రెయినియన్లకు ఆ రోజుల్లో దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఆ హక్కును నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ పటంలో రంగు వేయడానికి మతాన్ని జాతికి గుర్తుగా తీసుకున్న చోట అబద్ధం చొరబడింది. ఆ అబద్ధాన్ని నేల మీద నిజం చేయగల సైన్యాలు వచ్చేసరికి అది ప్రాణాలు తీసింది.

ఈ పద్ధతిని ఉక్రెయిన్ జాతీయవాదులు కనిపెట్టలేదు. ముందు వాడింది రష్యన్ సామ్రాజ్యం. 1863 జనవరిలో పోలిష్ తిరుగుబాటు లేచినప్పుడు పీటర్స్‌బర్గ్‌కు ఒక ప్రశ్న ఎదురైంది. పశ్చిమ జిల్లాల్లో జమీందార్లు పోలిష్ కాథలిక్కులు, పొలాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా ఆర్థడాక్స్ రైతులు. మరి ఈ నేల ఎవరిది? ఆ ఏడే ఎర్కెర్ట్ అనే సైనికాధికారి ఒక జాతి పటాల సంపుటం తెచ్చాడు. రష్యన్లనీ పోల్‌లనీ విడదీయడానికి మతమే నమ్మకమైన గుర్తు అని ఆయన తేల్చాడు. మరుసటి ఏడు రిత్తిఖ్ అనే మరో అధికారి అవే జిల్లాల జనాభాను మతాల వారీగా పటాలకెక్కించాడు. ఆర్థడాక్స్ అయితే రష్యన్, కాథలిక్ అయితే పోల్. ఈ లెక్కలో ఉక్రెయిన్ రైతు రష్యన్ రంగులో కలిసిపోయాడు. అతని మాట వేరు, పాట వేరు. అతను మోకరిల్లే చర్చి మాత్రం జార్ చర్చి. పటానికి అదే చాలింది. 1863 జులైలోనే ఆంతరంగిక వ్యవహారాల మంత్రి వాలుయెవ్ ఉక్రెయిన్ భాషలో మత గ్రంథాలూ పాఠ్యపుస్తకాలూ అచ్చు కాకుండా రహస్య ఉత్తర్వు పంపాడు. పటం, ఉత్తర్వు రెండూ ఒకే పని చేశాయి.

ఆ పటాలకు జవాబు చెప్పినవాడు పావ్లో చుబిన్స్కీ. ఈనాటి ఉక్రెయిన్ జాతీయగీతానికి మూలమైన పద్యం ఆయన 1862లో రాసిందే. ఆ ఏడే ఆయన్ని ఉత్తరాన అర్హాంగెల్స్క్‌కు ప్రవాసం పంపారు. ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చినప్పుడు, విచిత్రంగా, సామ్రాజ్యపు భూగోళ సంఘమే నైరుతి జిల్లాల జనజీవనాన్ని నమోదు చేసే పని ఆయనకు అప్పగించింది. 1869, 1870లలో ఆయన బృందం ఊరూరా తిరిగింది. పెళ్లిపాటలు, నమ్మకాలు, తీర్పులు, ధరలు, ఇళ్ల తీరు, ఏదీ వదలలేదు. 1872 నుంచి 1878 దాకా ఏడు సంపుటాలు వెలువడ్డాయి. వాటికి జతచేసిన పటాల్లో ఒకటి మాండలికాలది, ఒకటి యూదులది, మరొకటి కాథలిక్కులది. మూడో పటం దగ్గర మనం కాసేపు ఆగాలి. కాథలిక్కుల్లో పోల్‌లు కొందరేననీ, ఉక్రెయిన్ మాట్లాడే కాథలిక్కులు లక్షల్లో ఉన్నారనీ చుబిన్స్కీ వాదం. అంటే మతానికీ జాతికీ మధ్య ఎర్కెర్ట్ వేసిన ముడిని ఈయన విప్పాడు. ఉక్రెయిన్ పటాల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. ఆ దారిలోనే నడిచి ఉంటే ఈ కథ వేరేగా ఉండేదని నా నమ్మకం. కానీ 1876లో ఎమ్స్ ఉత్తర్వుతో ఉక్రెయిన్ భాషలో అచ్చును దాదాపు పూర్తిగా ఆపేశారు. కీవ్‌లోని భూగోళ సంఘం శాఖనూ మూసేశారు.

అక్కడ తలుపు మూసుకుంటే ఆస్ట్రియా పాలనలోని గలీసియాలో తలుపు తెరిచే ఉంది. ల్వీవ్ కేంద్రంగా ఉక్రెయినియన్లకు చదువుకోవడానికి, అచ్చువేసుకోవడానికి, సంఘాలు పెట్టుకోవడానికి వీలుండేది. అక్కడి ప్రొస్వీతా సంస్థ 1896లో హ్రిహోరీ వెలిచ్కో గీసిన ఉక్రెయిన్ ప్రజల పటాన్ని ప్రచురించింది. రెండు సామ్రాజ్యాల్లో చీలిపోయి ఉన్న ప్రజ ఒకే రంగులో, ఒకే కాగితం మీద, కార్పాతియన్ కొండల నుంచి కుబాన్ మైదానాల దాకా కనబడింది. చదువు తక్కువున్న రైతు కూడా గోడ మీది ఆ రంగును చూసి, తన వాళ్లు ఎంత దూరం ఉన్నారో తెలుసుకోగలడు. మరుసటి ఏడు, 1897లో, రష్యా జనాభా లెక్కలు తీసింది. వాటిలో జాతి అడగలేదు. మాతృభాష అడిగారు, మతం అడిగారు. మాతృభాష గడిలో 2 కోట్ల 24 లక్షల మంది పేర్లు ‘లిటిల్ రష్యన్’ కింద చేరాయి. యూరప్‌లో అంత పెద్ద ప్రజకు రాజ్యం లేకపోవడం ఆ అంకెతో బాహాటమైంది. రష్యన్ ప్రభుత్వమే తీసిన లెక్క కాబట్టి దాన్ని కాదనేవాళ్లు లేకపోయారు.

గలీసియా లెక్కలు మరీ చిక్కువి. వాటిని కాస్త విప్పి చూద్దాం, ఎందుకంటే తర్వాత జరిగినదానికి బీజం అక్కడే ఉంది. ఆస్ట్రియా కూడా జాతి అడగలేదు. రోజూ వాడే భాష ఏది, మతం ఏది అని అడిగింది. 1910లో గలీసియా జనాభా 80 లక్షలు. భాష ప్రకారం పోలిష్ 58.6 శాతం, రుథేనియన్, అంటే ఉక్రెయిన్ భాష, 40.2 శాతం. మతం ప్రకారం రోమన్ కాథలిక్కులు 46.5 శాతం, గ్రీక్ కాథలిక్కులు 42.1 శాతం, యూదులు 10.9 శాతం. ఈ రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టండి. యూదుల భాష యిడ్డిష్‌ను ఆస్ట్రియా భాషగానే గుర్తించలేదు కాబట్టి వాళ్లలో అత్యధికులు పోలిష్ గడిలో పడ్డారు. మొత్తం జనాభాలో దాదాపు రెండు శాతం మేర గ్రీక్ కాథలిక్కులు రుథేనియన్ గడిలో లేరు. వాళ్ల ఇంట్లో పోలిష్ నడుస్తోంది. ఒకే నేల, ఒకే ఏడు, ఒకే ప్రభుత్వం తీసిన లెక్క. భాష పటం గీస్తే ఒక దేశం, మతం పటం గీస్తే మరో దేశం.

గ్రీక్ కాథలిక్ అంటే ఎవరో మన శ్రోతలకు చెప్పాలి. 1596 బ్రెస్ట్ ఒప్పందంతో పోప్ అధికారాన్ని ఒప్పుకుంటూనే తూర్పు క్రైస్తవుల పూజావిధానాన్ని, పాత క్యాలెండర్‌ను, పూజారుల పెళ్లిళ్లను నిలుపుకున్న చర్చి అది. ఆస్ట్రియా గలీసియాలో దాదాపు ప్రతి ఉక్రెయిన్ ఊళ్లోనూ ఆ చర్చి ఉంది. పూజారి కొడుకే ఊళ్లో మొదటి చదువరి, మొదటి జాతీయవాది. పక్కనే లాటిన్ రీతిలో పూజ జరిగే రోమన్ కాథలిక్ చర్చి. ఒకే పోప్ కింద రెండు రీతులు. ఈ రెండు రీతుల వాళ్లు పెళ్లి చేసుకుంటే కొడుకులు తండ్రి రీతిలో, కూతుళ్లు తల్లి రీతిలో బాప్తిస్మం పొందడం అక్కడి ఆచారం. ఒకే ఇంట్లో అన్న గ్రీక్ కాథలిక్, చెల్లెలు రోమన్ కాథలిక్. క్రిస్మస్ రెండుసార్లు వచ్చేది. మతాన్ని జాతిగా లెక్కగట్టే పటంలో అన్నకు ఒక రంగు, చెల్లెలికి ఇంకో రంగు. భోజనాల బల్ల దగ్గర ఆ గీత ఎక్కడుందో వాళ్లకు తెలియదు. ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉండేవి.

రంగు వేసే తీరులోనూ రాజకీయం ఉంది. ఉక్రెయిన్ జనం ఎక్కువగా పల్లెల్లో, పోల్‌లూ యూదులూ ఎక్కువగా పట్నాల్లో. ఊరి పొలాలన్నిటినీ కలిపి మెజారిటీ ప్రజల రంగు వేస్తే పటమంతా ఉక్రెయిన్ రంగే. ల్వీవ్ ఒక చుక్క. 1931లో ఆ చుక్కలో 3 లక్షల 12 వేల మంది. వాళ్లలో సగం రోమన్ కాథలిక్కులు, దాదాపు 32 శాతం యూదులు, గ్రీక్ కాథలిక్కులు 16 శాతం కూడా లేరు. అదే జనసాంద్రతను బట్టి రంగు వేస్తే పట్నాలు ఉబ్బి కనబడతాయి, పల్లెలు పలచబడతాయి. పోలిష్ పండితులకు ఈ రెండో పద్ధతి ఇష్టం. హంగరీలో పాల్ తెలెకి 1919లో మరీ ముందుకు వెళ్లి, హంగేరియన్లకు ఎర్ర రంగు వేసి, జనం పలచగా ఉన్న కొండ ప్రాంతాల్ని తెల్లగా వదిలేశాడు. ఆ కొండల్లో ఉన్నది రుమేనియన్లు, స్లొవాక్‌లు, రుసిన్‌లు. ఎవరి పటమూ తప్పుడు అంకెలతో గీసింది కాదు. ఎంచుకున్న పద్ధతిలోనే తీర్పు ఉంది.

ఇప్పుడు రుద్నిత్స్కీ దగ్గరికి వస్తాను. ల్వీవ్‌లోనూ వియన్నాలోనూ చదివి, ల్వీవ్ విశ్వవిద్యాలయంలో బోధించారు. అదే విశ్వవిద్యాలయంలో ఎవ్గెనియుష్ రోమెర్ ఉన్నారు, పోలండ్ భూగోళానికి పెద్ద దిక్కు. ఒకే నగరం, ఒకే విద్యాలయం, రెండు దేశాలు. 1916లో రోమెర్ పోలండ్ పటాల సంపుటం తెచ్చారు. అదే ఏడు రుద్నిత్స్కీ జర్మన్ భాషలో ‘ఉక్రెయిన్: నేల, ప్రజ’ అనే పుస్తకం తెచ్చారు. నదులు, మైదానాలు, నేల రంగు, జనుల మాట, ఇవన్నీ కలిసి ఒక సహజమైన దేశాన్ని చేస్తాయని ఆయన వాదం. యుద్ధం నడుస్తోంది. జర్మనీ, ఆస్ట్రియా పెద్దలకు అర్థమయ్యే భాషలో చెప్పాలని ఆయన తొందర. 1918లో ఆ పుస్తకం ఇంగ్లిష్‌లోకి న్యూయార్క్‌లో వచ్చింది. పారిస్ శాంతి సభల నాటికి పోల్‌ల దగ్గర రోమెర్ ఉన్నారు, గుర్తింపు పొందిన రాజ్యం ఉంది. ఉక్రెయినియన్ల దగ్గర పటాలున్నాయి గానీ వినేవాళ్లు లేరు. తూర్పు గలీసియాను పోలండ్ సైన్యం 1919లో గెలుచుకుంది, 1923లో దాన్ని పెద్ద రాజ్యాలు ఒప్పుకున్నాయి.

రుద్నిత్స్కీ మీద నాకు గౌరవం ఉంది, ఒక బాధ కూడా ఉంది. ఓటమి తర్వాత, 1923లో, ఆయన ఉక్రెయిన్ జాతీయవాదపు పునాదుల మీద ఒక పుస్తకం రాశారు. అందులో భూగోళం నుంచి రక్తం దాకా వెళ్లిపోయారు. జాతి ఆరోగ్యం పేరిట పెళ్లిళ్లను గురించి సలహాలిచ్చారు, పొరుగు జాతులతో కలవడాన్ని ప్రమాదంగా చూపించారు. ఆ కాలంలో యూరప్ అంతటా ఈ మాటలు విజ్ఞానశాస్త్రంగా చెలామణి అయ్యాయి. అయినా అన్నాచెల్లెళ్లు రెండు రీతుల్లో పెరిగిన గలీసియా నుంచి వచ్చిన మనిషి ఆ మాట రాయడం నన్ను కలచివేస్తుంది. 1926లో ఆయన సోవియట్ ఉక్రెయిన్ ఆహ్వానం మీద ఖార్కివ్ వెళ్లి, భూగోళ, పటనిర్మాణ పరిశోధన సంస్థను స్థాపించారు. ఉక్రెయినియన్ల భాషకు ఆ కొద్ది కాలం ప్రభుత్వమే అండగా ఉంది. 1933లో అరెస్టు చేశారు, సొలొవ్కీ దీవుల నిర్బంధ శిబిరానికి పంపారు. 1937 నవంబరు 3న కరేలియాలోని సందర్మోఖ్ అడవిలో కాల్చి చంపారు. దేశం నిలవడానికి పటం గీసిన మనిషిని ఆ పటం పేరు చెప్పే చంపారు.

మతం గుర్తు ఎలా తిరగబడుతుందో చూడాలంటే ఖోల్మ్ ప్రాంతం చూడాలి. పోలిష్‌లో హెవ్మ్ అంటారు. రష్యా పాలనలోని పోలండ్‌లో గ్రీక్ కాథలిక్ చర్చి చివరికి అక్కడే మిగిలింది. 1874లో ప్రాతులిన్ అనే ఊళ్లో తమ చర్చిని ఆర్థడాక్స్ వాళ్లకు అప్పగించబోమని నిలబడిన పల్లెవాళ్ల మీద రష్యన్ సైనికులు కాల్పులు జరిపారు. పదముగ్గురు చనిపోయారు. 1875లో చర్చినే రద్దుచేసి అందర్నీ ఆర్థడాక్స్ అన్నారు. కాగితం మీద ఆ రోజు నుంచి వాళ్లు రష్యన్లు. 1905లో జార్ మత సహనం ప్రకటించాక గ్రీక్ కాథలిక్ చర్చిని మాత్రం తిరిగి రానివ్వలేదు. ఉన్న దారి రోమన్ కాథలిక్ కావడమే. లక్షన్నరకు పైగా జనం అలా మారారు. మారాక ఒక తరం లోపే వాళ్లలో చాలామంది పోల్‌లయ్యారు. ఇల్లు అదే, పొలం అదే, తాతలు మాట్లాడిన మాట కొన్నేళ్లపాటు అదే. బాప్తిస్మం రిజిస్టరు మారింది, జాతి మారింది. 1912లో రష్యా మతం లెక్కల ఆధారంతో ఖోల్మ్‌ను ప్రత్యేక జిల్లాగా విడదీసింది. 1918 ఫిబ్రవరిలో బ్రెస్ట్-లితోవ్స్క్ ఒప్పందం దాన్ని ఉక్రెయిన్‌కిచ్చింది, పోలండ్ నిప్పులు చెరిగింది. చివరికి పోలండ్‌కే దక్కింది. 1938లో పోలండ్ ప్రభుత్వం అక్కడి ఆర్థడాక్స్ చర్చిల్ని వందకు పైగా కూల్చేసింది. చర్చి లేకపోతే ఉక్రెయిన్ జాతి కూడా లేనట్టే అని వాళ్ల లెక్క. ఈ లెక్క తప్పని తెలిసినవాళ్లూ, అది పోలండ్ పరువు తీస్తుందని అన్నవాళ్లూ పోల్‌లలోనే ఉన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు.

ఇక్కడ చిన్న పక్కమాట. పోలండ్ తూర్పు సరిహద్దుగా 1919, 1920లలో ప్రతిపాదించిన రేఖకు కర్జన్ రేఖ అని పేరు. అవును, మన కర్జనే. మన దేశంలో వైస్రాయిగా ఉండి 1905లో బెంగాల్‌ను మతం వారీగా చీల్చి, ఆ వేడి రాజమండ్రి దాకా పాకేలా చేసినవాడు. ఈ రేఖను ఆయన స్వయంగా గీయలేదు. ఆయన విదేశాంగ మంత్రిగా ఉండగా ఆయన పేరున మాస్కోకు వెళ్లిన తంతిలో అది చేరింది. గలీసియాలో దానికి రెండు రూపాలుండేవి. ఒకదాంట్లో ల్వీవ్ పోలండ్ వైపు, మరోదాంట్లో ఉక్రెయిన్ వైపు. 1945 తర్వాత స్థిరపడిన సరిహద్దు చాలావరకు ఈ రెండో రూపమే. షెహినీ, మెదికాల మధ్య మన పిల్లలు దాటింది దాన్నే.

1931కి వస్తాను. ఆ ఏటి పోలండ్ లెక్కల్లోనూ జాతి అడగలేదు, మాతృభాషా మతమూ అడిగారు. ఉక్రెయిన్ భాషను రెండు గడులుగా చీల్చారు. ‘ఉక్రెయినియన్’ కింద 32 లక్షలు, ‘రుథేనియన్’ కింద 12 లక్షలు. ఉత్తరాన పొలేసియే బురదనేలల్లో 7 లక్షల మంది తమ భాష పేరు అడిగితే ‘ఇక్కడిదే’ అన్నారు, లెక్కల్లో అలాగే ఎక్కింది. ఆ జవాబును ఎందరో పండితులు అజ్ఞానమని కొట్టిపారేశారు. నాకైతే ఆ లెక్క మొత్తంలో అది చాలా నిజాయితీగా ఇచ్చిన జవాబనిపిస్తుంది.

ఈ లెక్కల మీద విరుచుకుపడినవాడు వొలొదిమిర్ కుబియోవిచ్. 1900లో నోవి సోంచ్‌లో పుట్టారు. తండ్రి ఉక్రెయినియన్, తల్లి పోలిష్. క్రాకోవ్ విశ్వవిద్యాలయంలో భూగోళం బోధించారు. ఆయన పరిశోధన రాజ్యానికి వ్యతిరేకమని పోలిష్ అధికారులు యుద్ధానికి ముందే ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించారు. 1937లో ల్వీవ్ నుంచి ‘ఉక్రెయిన్, పొరుగు నేలల పటాల సంపుటం’ తెచ్చారు. పని విషయంలో ఆయన దిట్ట, ఆ మాట ఒప్పుకోవాలి. భాష గడిని పోలిష్ గుమస్తాలు సవరించారని చూపించారు. మతం గడిని ఎక్కువగా నమ్మారు, దాన్ని గ్రీక్ కాథలిక్ చర్చి ఏటా అచ్చువేసే పూజారుల జాబితాలతో, అందులో ఊరూరి భక్తుల సంఖ్యలతో సరిచూశారు. గలీసియాలో ప్రతి ఊరికీ లెక్క కట్టారు.

అయితే ఆ లెక్క ఎలా కట్టారో చూడండి. గ్రీక్ కాథలిక్ అయితే, ఇంట్లో పోలిష్ మాట్లాడినా, ఉక్రెయినియనే. ఇక్కడ మతం తీర్పు చెప్పింది. రోమన్ కాథలిక్ అయి ఇంట్లో ఉక్రెయిన్ మాట్లాడితే పోల్ కాదు, ‘లాటిన్నిక్’ అనే విడి గడి. ఇక్కడ భాష తీర్పు చెప్పింది. 1920 తర్వాత వచ్చిన పోలిష్ రైతులకు వలసదారులని మరో గడి. యూదులకు మతమే. రెండు కొలతలూ చేతిలో ఉన్నాయి. ఏ కొలత తన వాళ్లను పెంచుతుందో, ఎదుటివాళ్లను తగ్గిస్తుందో అక్కడ ఆ కొలత వాడారు. పోలిష్ అధికారులు చేసిందీ ఇదే, దిక్కు మాత్రం ఎదురు. లాటిన్నికుల్ని ఎవరూ అడగలేదు. చుబిన్స్కీ మతానికీ జాతికీ మధ్య విప్పిన ముడిని కుబియోవిచ్ ఒకవైపు విప్పి, ఇంకోవైపు బిగించారు.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం, కానీ చెప్పకపోతే ఈ ఉపన్యాసం అబద్ధమవుతుంది. 1940లో నాజీల పాలనలో క్రాకోవ్‌లో కుబియోవిచ్ ఉక్రెయిన్ కేంద్ర కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఆ కమిటీ బడులు పెట్టింది, ఖైదీలకు తిండి పెట్టింది, ఖోల్మ్‌లో చర్చిల్ని తిరిగి తెరిపించింది. అదే కుబియోవిచ్ 1941 ఏప్రిల్‌లో నాజీ పాలకుడు హన్స్ ఫ్రాంక్‌కు ఒక విన్నపం ఇచ్చారు. పోల్‌లనీ యూదుల్నీ తొలగించి, పూర్తిగా ఉక్రెయినియన్లదైన ఒక ప్రాంతాన్ని ఏర్పరచమని. పటంలో ఊరూరా లెక్కగట్టిన చేయి ఇప్పుడు రంగులు కలవని నేలను కోరింది. 1943లో ఆయన గలీసియా ఎస్‌ఎస్ డివిజన్ ఏర్పాటుకు ముందు నిలిచారు. రాజ్యంలేని జాతికి ఇంకో దారి లేదని ఆయన్ని సమర్థించేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. నేను సమర్థించను. ఆ విన్నపం రాస్తున్నప్పుడు ఆయనకు ఆ ఊళ్లలో ఎందరు యూదులున్నారో అంకెలతో సహా తెలుసు.

తూర్పు గలీసియా యూదుల్లో సుమారు ఐదు లక్షల మందిని నాజీలూ వాళ్ల సహాయకులూ చంపారు. వాళ్లలో ఎందరినో బెల్జెక్ మారణ శిబిరానికి తరలించి చంపారు. 1943లో గలీసియాకు ఉత్తరాన ఉన్న వొలీనియాలో ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం పోల్‌లను ఊరూరా ఊచకోత కోసింది. చనిపోయినవాళ్లు పదుల వేలల్లో. జులై 11 ఆదివారం నాడు కొన్ని చోట్ల రోమన్ కాథలిక్ చర్చిల్లో ప్రార్థన జరుగుతుండగానే దాడి చేశారు. పోల్ ఎవరో కనిపెట్టడానికి ఆదివారం ప్రార్థన చాలింది. ప్రతీకారంగా పోలిష్ దళాలు ఉక్రెయిన్ పల్లెల మీద పడి వేలమందిని చంపాయి. 1944 నుంచి 1946 దాకా సుమారు 8 లక్షల పోల్‌లను ఉక్రెయిన్ నుంచి పోలండ్‌కు, 4 లక్షల 80 వేల ఉక్రెయినియన్లను పోలండ్ నుంచి ఉక్రెయిన్‌కు రైళ్లలో పంపించారు. ఎవరు ఎటు వెళ్లాలో తేల్చడానికి చాలాసార్లు చూసింది బాప్తిస్మం కాగితాన్నే. 1947లో పోలండ్ ‘విస్తులా’ పేరిట మిగిలిన 1 లక్షా 40 వేల మంది ఉక్రెయినియన్లనూ, కార్పాతియన్ కొండ ప్రజలైన లెమ్కోలనూ పెళ్లగించి, జర్మన్లు ఖాళీచేసిన పడమటి జిల్లాల్లో చెదరగొట్టింది. మేం ఉక్రెయినియన్లం కాదు, లెమ్కోలం అన్నవాళ్ల మాట ఎవరూ వినలేదు. గ్రీక్ కాథలిక్ అయితే చాలు. మరోవైపు స్టాలిన్ ప్రభుత్వం 1946 మార్చిలో ల్వీవ్‌లో ఒక సభ జరిపించి గ్రీక్ కాథలిక్ చర్చినే రద్దు చేసింది. అది 1989 దాకా రహస్యంగా బతికింది.

అలా పటంలో రంగులు విడిపోయాయి. కుబియోవిచ్ పారిస్ దగ్గరి సార్సెల్‌లో ఉండి ఉక్రెయిన్ విజ్ఞాన సర్వస్వం సంపాదకత్వం వహించారు. 1983లో, చనిపోవడానికి రెండేళ్ల ముందు, 1939 జనవరి 1 నాటి గలీసియా జాతుల లెక్కను ఊరూరి అంకెలతో, పటంతో అచ్చువేశారు. ఈ రోజు ఆ పుస్తకం చూసినవాళ్లకు ఇంకో సంగతి కనబడుతుంది. ఫలానా ఊళ్లో ఇన్ని వందల యూదులు, ఇన్ని వందల లాటిన్నికులు. అక్కడ ఇప్పుడు వాళ్లెవరూ లేరు. వాళ్లను తగ్గించి చూపడానికి కట్టిన లెక్కే వాళ్లు ఉండేవాళ్లన్నదానికి ఊరువారీ సాక్ష్యంగా మిగిలింది.

స్వతంత్ర ఉక్రెయిన్ మీద ఈ పటాల నీడ ఎంత? బయటివాళ్ల చేతుల్లోనే ఎక్కువ. 2004 నుంచీ పత్రికల్లో రెండు రంగుల ఉక్రెయిన్ పటం కనబడుతూనే ఉంది. పడమర ఉక్రెయిన్ భాష, తూర్పు రష్యన్ భాష, మధ్యలో గీత. దేశం ఆ గీత మీదుగా చీలుతుందని ఎందరో జోస్యం చెప్పారు. 1991 డిసెంబరు 1న స్వాతంత్ర్యానికి 90 శాతం మంది ఓటేశారనీ, దొనెత్స్క్, లుహాన్స్క్‌లలో కూడా 83 శాతం దాటిందనీ ఆ పటం చెప్పదు. 2001 జనగణనలో 77.8 శాతం మంది తాము ఉక్రెయినియన్లమన్నారు. మాతృభాష ఉక్రెయిన్ అన్నది 67.5 శాతమే. ఆ పది శాతం తేడాలో ఉన్న లక్షలాది మంది రష్యన్ మాట్లాడే ఉక్రెయినియన్లు. 2022లో ఖార్కివ్‌ను కాపాడినవాళ్లలో వాళ్లు ఎంతోమంది. 2019లో 73 శాతం ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచిన జెలెన్స్కీ క్రివీ రిహ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, రష్యన్ మాట్లాడుతూ పెరిగారు. ఎర్కెర్ట్ పటంలోనూ కుబియోవిచ్ పటంలోనూ ఆయనకు ఉక్రెయినియన్ రంగు దొరకదు. 2023 మేలో రష్యా రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుడు జోర్కిన్ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ పటం ఒకటి పుతిన్‌కు చూపించి, ఇందులో ఉక్రెయిన్ లేదన్నారు. ఆ పటం మీద ఉక్రెయిన్ అనే పేరు, అది కొసాక్కుల దేశమన్న మాటతో సహా, అచ్చులో ఉంది.

మతం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ పీఠం ఉక్రెయిన్ ఆర్థడాక్స్ చర్చికి స్వతంత్ర హోదా ఇచ్చింది. అప్పటి నుంచీ ఏ ఊరి చర్చి ఏ పీఠం వైపు మారిందో చూపే పటాలు మళ్లీ అచ్చవుతున్నాయి. మాస్కో పీఠాధిపతి కిరిల్ యుద్ధాన్ని దీవించాక, రష్యన్ చర్చితో ముడిపడిన సంస్థలపై 2024 ఆగస్టులో ఉక్రెయిన్ చట్టం చేసింది. దాడికి గురైన దేశం తన భద్రత చూసుకోవడంలో తప్పు లేదు. కానీ తాతల నాటి చర్చికి వెళ్లే పల్లెటూరి ముసలమ్మను ఆ చర్చి బోర్డు చూసి రష్యా మనిషి అని లెక్కగట్టడం మొదలైతే, అది 1863లో ఎర్కెర్ట్ చేసిన పనే అవుతుంది. ఉక్రెయిన్ మేలు కోరేవాళ్లు ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి.

ఉక్రెయిన్‌లో 2001 తర్వాత జనగణన జరగలేదు. ఆ లెక్కలో మతం అడగలేదు, అది మంచి నిర్ణయం. యుద్ధం ఆగాక మళ్లీ లెక్క తీసి తీరాలి. దేశం విడిచి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు, భాష మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఫారం తయారుచేసేవాళ్లకు పక్కింట్లోనే ఒక మేలైన ఉదాహరణ ఉంది. పోలండ్ 2011 లెక్కల్లో జాతి గురించి ఒకటి కాదు, రెండు ప్రశ్నలు అడిగింది. మొదటి జవాబుతో పాటు రెండోదీ రాసుకోవచ్చు. అప్పుడు పదివేల మంది దాకా లెమ్కోలమని రాసుకున్నారు. వాళ్లలో కొందరు దాని పక్కనే పోల్ అని కూడా రాశారు. 1947లో రైలెక్కించినప్పుడు ఆ మనుషుల తాతలకు ఒక్క గడే ఉండేది, దాన్ని నింపింది వేరేవాళ్లు. ఉక్రెయిన్ ఫారంలోనూ ఆ రెండో గడి ఉండాలని, దాన్ని ఎవరికివాళ్లే నింపుకోవాలని నేను కోరుకుంటున్నాను.